పార్సిల్ పేరుతో ఫోనొస్తే: పెద్దవాళ్లను, మనల్ని కాపాడుకోవడం ఎలా

2024 వేసవిలో ఒక మధ్యాహ్నం, ఇంకాసేపట్లో భోజనాల వేళ అనగా, నేను పనిచేసే బ్యాంకు బ్రాంచికి ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్‌గారు వచ్చారు. ఏళ్ల తరబడి తెలిసిన మనిషి. పెన్షన్ మా దగ్గరే, ఎఫ్‌డీలూ మా దగ్గరే. ఎప్పుడొచ్చినా ముందు మా అమ్మాయి చదువు గురించి అడిగి, ఆ తర్వాతే పాస్‌బుక్ బయటికి తీసేవారు. ఆ రోజు పలకరింపు లేదు. రెండు ఎఫ్‌డీలు క్లోజ్ చేసి మొత్తం ఆర్టీజీఎస్ చేయమన్నారు, అంటే వెంటనే వేరే ఖాతాకు పంపమన్నారు. ఎవరికని అడిగితే ఎక్కడో ఉత్తరాదిలో ఉన్న ఏదో ట్రేడర్స్ పేరు చెప్పారు. ఎందుకని అడిగితే "మనవరాలి పెళ్లి" అన్నారు. ఆవిడ మనవరాలు అప్పటికి ఏడో తరగతి.

చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, జిప్పు సగం తెరిచి, దానిలోకే చూస్తూ మాట్లాడుతున్నారు. అప్పుడు వెలిగింది నాకు. ఓచరు వెనక "ఫోన్‌లో ఎవరైనా వింటున్నారా?" అని రాసి ముందుకు జరిపాను. చదివి, తల ఊపి, చప్పుడు కాకుండా ఏడవడం మొదలుపెట్టారు.

ఫోన్ తీసుకుని ఆపేశాం. లోపలి గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాం. ముంబై పోలీసులమంటూ ముందురోజు సాయంత్రం నుంచి ఆమెను లైన్లోనే ఉంచారట. రాత్రంతా ఫోన్ మంచం పక్కన పెట్టించి, కెమెరా ఆపనివ్వలేదట. కాస్త తేరుకున్నాక ఆవిడ నోట వచ్చిన మొదటి మాట, "మా అబ్బాయికి మాత్రం చెప్పకండమ్మా."

ఆ మాట నేను మర్చిపోలేదు. దొంగ పోలీసుకు ఎంత భయపడ్డారో, కొడుకు కోప్పడతాడని కూడా అంతే భయపడ్డారు. ఆ రెండో భయం లేకపోతే మొదటి పది నిమిషాల్లోనే కొడుక్కి ఫోన్ చేసి ఉండేవారు, కథ అక్కడే ముగిసేది. ఇప్పుడు నేను రిటైరయ్యాను. తెలిసినవాళ్లు ఎవరడిగినా ఈ విషయం ఓపిగ్గా చెబుతాను. కింద రాసిన జాగ్రత్తలన్నీ ఒకే ఒక్క పనికి తోడ్పడటానికి: మోసగాడి ఫోన్ పెట్టేసి మనవాళ్లకు ఫోన్ చేయడం.

ముందు వాళ్ల నాటకం తెలుసుకోండి

పేర్లు మారతాయి, నాటకం మారదు. ఫోన్ ఎత్తగానే రికార్డు చేసిన గొంతు: మీ పార్సిల్ డెలివరీ కాలేదు, వివరాలకు తొమ్మిది నొక్కండి. నొక్కితే కొరియర్ ఉద్యోగినంటూ ఒకడు మర్యాదగా మాట్లాడతాడు. మీ ఆధార్‌తో ముంబై నుంచి విదేశానికి వెళ్తున్న పార్సిల్‌ను కస్టమ్స్ వాళ్లు ఆపారు, అందులో పాస్‌పోర్టులు, బ్యాంకు కార్డులు, మత్తుమందు దొరికాయి అంటాడు. మీరు పంపలేదంటే, "అయ్యో, మీ ఆధార్‌ను ఎవరో వాడుకున్నట్టున్నారు, వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి, నేనే కలుపుతాను" అంటాడు. ఇక్కడే చాలామంది పడిపోతారు, ఎందుకంటే అతను తప్పు పట్టినట్టు ఉండదు, సాయం చేస్తున్నట్టు ఉంటుంది. కొన్నేళ్ల పాటు ఈ నాటకంలో ఎక్కువగా ఫెడెక్స్ పేరు వాడారు. ఇలా ఫోన్ చేసి ఎవరి వివరాలూ అడగబోమని ఆ సంస్థ బహిరంగంగానే ప్రకటించింది. కొందరు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరు చెప్పి, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుందని మొదలుపెడతారు.

తర్వాత వీడియో కాల్. యూనిఫాం, వెనక గోడ మీద పోలీసు గుర్తు, పక్కన వాకీటాకీ చప్పుడు. మీ ఆధార్ నంబరు, ఇంటి అడ్రసు గడగడా చదువుతారు. వీళ్లకన్నీ తెలుసు కాబట్టి నిజం పోలీసులే అనుకుంటాం. మన ఆధార్ జిరాక్సులు సిమ్ షాపు నుంచి లాడ్జి దాకా ఎన్ని చోట్ల ఇచ్చామో గుర్తు తెచ్చుకోండి. ఆ వివరాలు బజార్లో అమ్ముడుపోతాయి. ఆ తర్వాత సీబీఐ, ఈడీ, సుప్రీంకోర్టు ముద్రలతో కాగితాలు వాట్సాప్‌లో వస్తాయి. "మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు. ఇది దేశ భద్రత విషయం, భార్యకు గానీ పిల్లలకు గానీ చెబితే వాళ్లనూ అరెస్ట్ చేస్తాం" అంటారు. చివరికి డబ్బు: మీ ఖాతాల్లో ఉన్నది సక్రమమో కాదో ఆర్‌బీఐ పరిశీలించాలి, ఫలానా ఖాతాకు పంపండి, తేలగానే తిరిగి వచ్చేస్తుంది.

మన వైపు పెద్దవాళ్ల విషయంలో నేను గమనించింది ఒకటుంది. ఈ ఫోన్లు ఎక్కువగా హిందీలోనో ఇంగ్లిషులోనో వస్తాయి. సగం అర్థమై సగం అర్థంకాక, తప్పుగా విన్నామేమోనన్న బెరుకుతో "జీ సార్, జీ సార్" అంటూ పోతారు. అర్థంకాని చోట భయం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు తెలుగులో మాట్లాడేవాళ్లూ తయారయ్యారు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, అక్కడ బంధించి ఇలాంటి మోసాలు చేయించినట్టు తేలింది. అవతల గొంతు మన యాసలో ఉంటే మనవాడనుకోకండి.

చదువుకోనివాళ్లే మోసపోతారన్న మాట కూడా మనసులోంచి తీసేయండి. డాక్టర్లు, ప్రొఫెసర్లు, మా బ్యాంకువాళ్లు కూడా పోగొట్టుకున్నారు. 2024 ఒక్క ఏడాదిలో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు కోల్పోయింది 22,845 కోట్ల రూపాయలకు పైగా అని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

మొదటి అడుగు: చట్టం ఏమంటుందో పెద్దవాళ్లకు నెమ్మదిగా చెప్పండి

"అలాంటి ఫోన్లు ఎత్తకు" అంటే సరిపోదు. పోలీసులంటే వాళ్లకున్న భయం ఆ మాటతో పోదు. భయం పోవాలంటే అసలు అరెస్ట్ ఎలా జరుగుతుందో తెలియాలి. కూర్చోబెట్టి ఇలా చెప్పండి.

వీడియో కాల్‌లోనే మనిషిని కట్టిపడేసే ఈ డిజిటల్ అరెస్ట్ అన్నది మన చట్టంలో అసలు లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. మనవాళ్లలో ఆ కార్యక్రమం వినేవాళ్లుంటే ఆ సంగతి గుర్తు చేయండి, నా మాట కంటే ఎక్కువ పనిచేస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం ప్రకారం పోలీసు ఎదురుగా వచ్చి మనిషిని అదుపులోకి తీసుకోవాలి. తన పేరు కనిపించేలా పెట్టుకోవాలి. అరెస్ట్ కాగితం మీద కుటుంబ సభ్యులు గానీ ఆ ఊరి పెద్దమనిషి గానీ సాక్షి సంతకం పెట్టాలి. అరెస్ట్ సంగతి బంధువులకో మిత్రులకో తెలియజేయాలి. ఇది 36, 48 సెక్షన్లలో ఉంది. ఆడవాళ్లనైతే, ప్రత్యేక పరిస్థితుల్లో మేజిస్ట్రేటు అనుమతి ఉంటే తప్ప, పొద్దుగూకాక తెల్లవారేలోపు అరెస్ట్ చేయకూడదు. విచారణకు రమ్మనే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇందులో అమ్మానాన్నలకు బాగా ఎక్కాల్సిన ముక్క ఒకటే. నిజమైన పోలీసు ఇంట్లోవాళ్లకు చెప్పి తీరాలి. "ఎవరికీ చెప్పొద్దు" అన్నవాడు ఆ ఒక్క మాటతోనే దొంగ అని తేలిపోయాడు. వాడి ఊరు, ర్యాంకు, ఐడీ కార్డు ఇంకేవీ చూడక్కర్లేదు.

రెండో అడుగు: ఇంట్లో ఒప్పందం

ఇది ఫోన్‌లో చెప్పే విషయం కాదు. పండక్కో, శుభకార్యానికో ఊరెళ్లినప్పుడు తీరిగ్గా, వాళ్లు టీ తాగుతున్నప్పుడు మాట్లాడండి. పాఠం చెప్పినట్టు కాకుండా మీకు వచ్చిన ఫోన్ గురించి ముందు చెప్పండి. "నాకూ మొన్న ఇలాగే వచ్చిందమ్మా, ఒక్క నిమిషం చెమటలు పట్టాయి" అంటే వాళ్లూ నోరు విప్పుతారు. చాలా ఇళ్లలో ఆ రోజే బయటపడుతుంది, అమ్మకు ఇప్పటికే రెండుసార్లు వచ్చిందని, చెబితే ఏమంటారోనని చెప్పలేదని.

ఒప్పందంలో ఉండాల్సినవి ఇవి.

ఒకటి, ఫోన్ మధ్యలో పెట్టేయడం తప్పు కాదు. మనకిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వాళ్లకు కాదు. అవతల మనిషి మాట్లాడుతుండగా పెట్టేయడం మర్యాద కాదని, అందులోనూ ఆఫీసరైతే మరీ తప్పని వాళ్లు పెరిగారు. పెట్టేయడానికి ఒక మాట నేర్పండి: "మా అబ్బాయి వచ్చాక మాట్లాడతాను." అది చెప్పి, జవాబు కోసం ఆగకుండా ఎర్ర గుర్తు నొక్కడం. రెండుమూడుసార్లు నొక్కించి చూడండి. మా వదిన పక్క గదిలోంచి దొంగ పోలీసుగా ఫోన్ చేసి, మా అత్తగారితో ఈ ఆట ఆడింది. మూడోసారికి అత్తయ్య గొంతు మారింది.

రెండు, తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి. ఇక్కడ చాలా కుటుంబాలు పొరపాటు చేస్తాయి. కొడుకు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు, కాగితం మీద అతని నంబరు ఒక్కటే ఉంటుంది. మన పగలు పదకొండుకు అతను గాఢనిద్రలో ఉంటాడు. బ్యాంకులు తెరిచి ఉండే ఆ వేళల్లోనే ఇక్కడ డబ్బు కదులుతుంది. అందుకని మూడు పేర్లు రాయండి: పిల్లల్లో ఒకరు, అదే ఊళ్లో ఉన్న మేనల్లుడో పిన్నికొడుకో ఒకరు, నడిచి రాగలిగిన పక్కింటివాళ్లు ఒకరు. ఆ ముగ్గురికీ ముందే చెప్పి ఉంచండి, ఎప్పుడు ఫోన్ వచ్చినా విసుక్కోవద్దని.

మూడు, రహస్య పదం. "అమ్మా, యాక్సిడెంట్ అయింది, ఆస్పత్రిలో కట్టాలి, వెంటనే డబ్బు పంపు" అని మీ గొంతుతోనే ఫోన్ రావచ్చు. ఇప్పుడు గొంతును యంత్రంతో అనుకరించగలుగుతున్నారు. ఇంటివాళ్లకు మాత్రమే తెలిసిన మాట ఒకటి అనుకోండి. చిన్నప్పటి ముద్దుపేరు, అమ్మమ్మగారింట్లో ఆవు పేరు, ఏదైనా సరే, ఫేస్‌బుక్‌లో దొరకనిదై ఉండాలి. డబ్బు అడిగినవాళ్లు ఆ మాట చెప్పాలి. చెప్పలేకపోతే పెట్టేసి మీ అసలు నంబరుకు వాళ్లే తిరిగి చేయాలి.

నాలుగు, మీ వైపు నుంచి మాట. "ఏం జరిగినా, డబ్బు పోయినా కూడా, నేను నిన్ను ఒక్క మాట అనను." ఇది పైకి చెప్పండి. మనసులో అనుకుంటే వాళ్లకు తెలియదు.

ఇవన్నీ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, వాళ్లు ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట గోడకు అంటించండి. కింద 1930 అని, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు రాయండి. ఫ్రిజ్ మీద వద్దు, ఫోన్‌లో ఉన్నప్పుడు వాళ్ల కళ్లు అటు పోవు.

మూడో అడుగు: ఒక గంటసేపు వాళ్ల ఫోన్ తీసుకుని కూర్చోండి

వాళ్ల ముందే చేయండి, ఏం చేస్తున్నారో చెబుతూ చేయండి.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్‌కు వెళ్తే తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే బటన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. వీడియో నాటకంలో చాలా భాగం వాట్సాప్‌లోనే జరుగుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు ఇదే చేయండి. పిల్లల నంబర్లు, బంధువుల నంబర్లు, ఇంటికొచ్చే నర్సు నంబరు అన్నీ సేవ్ చేసి ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే అసలు కాల్స్ కూడా మోగవు.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి స్క్రీన్ చూపించే యాప్‌లు ఉంటే తీసేయండి. సెట్టింగ్స్‌లో తెలియని చోటు నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కూ బ్రౌజర్‌కూ లేకుండా చేయండి. పెళ్లి శుభలేఖ, ఆర్టీఓ చలానా, పీఎం కిసాన్ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ చేసేవి) ఫోన్‌లో చేరి ఓటీపీలు దొంగిలిస్తాయి. తెలిసిన మనిషి నంబరు నుంచి వచ్చినా సరే నొక్కకూడదు, వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. శుభలేఖ ఫొటోగానో వీడియోగానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని అడగదు.

డయల్ ప్యాడ్‌లో ##002# కొట్టండి. కాల్స్ ఎవరి నంబరుకైనా ఫార్వర్డ్ అవుతుంటే రద్దవుతుంది. దీని అవసరం కొరియర్ సంగతి దగ్గర చెబుతాను.

కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మామూలుగా ఒకరి పేరు మీద తొమ్మిది దాకా ఉండొచ్చు. వాళ్లవి కాని నంబర్లు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. అనుమానం వచ్చిన కాల్‌నూ మెసేజినీ అక్కడే చక్షు అనే విభాగంలో తెలియజేయొచ్చు. డబ్బు ఇంకా పోకముందు చెప్పాల్సిన చోటు అది.

నాలుగో అడుగు: బ్యాంకులో చేయాల్సినవి

కౌంటర్ ఇవతల 31 ఏళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను.

పెన్షనూ, ఎఫ్‌డీలూ, యూపీఐ అన్నీ ఒకే ఖాతాకు ముడిపెట్టకండి. పాలూ కూరగాయలూ మందుల కోసం వేరే చిన్న ఖాతా తెరిచి, యూపీఐని దానికే పెట్టండి. అందులో నెలకు సరిపడా డబ్బే ఉంచండి. పెద్ద ఖాతాకు ఫోన్‌లో యూపీఐ అసలు వద్దు. నెట్ బ్యాంకింగ్ వాడకపోతే ఆపించండి, వాడితే రోజుకు పంపగల పరిమితిని తగ్గించండి.

ఎఫ్‌డీ జాయింటుగా ఉన్నప్పుడు ఫారం మీద "ఐదర్ ఆర్ సర్వైవర్" (ఇద్దరిలో ఒకరు గానీ, బతికున్నవారు గానీ) అని ఉందా, "జాయింట్లీ" అని ఉందా చూడండి. జాయింట్లీ అంటే గడువుకు ముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఇబ్బందే, ఒప్పుకుంటాను. ఇద్దరిలో ఒకరు విదేశంలో ఉంటే మరీ ఇబ్బంది. అయినా ఉన్న సొమ్ములో కొంత భాగమైనా అలా ఉంచితే, ఆ రెండో సంతకం కోసం ఫోన్ చేయక తప్పదు. మనకు కావలసింది ఆ ఫోనే. వాళ్లను ఒప్పించి చేయండి, వాళ్ల డబ్బు మీద మనం పెత్తనం చేస్తున్నట్టు అనిపించకూడదు.

లావాదేవీ మెసేజి ఎస్సెమ్మెస్‌గా వాళ్లకూ, ఈమెయిల్‌గా మీకూ వచ్చేలా పెట్టించండి.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. ఆధార్ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో చేయొచ్చు. వేలిముద్రతో డబ్బు తీసే సదుపాయం పల్లెల్లో మంచిదే గానీ, భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను అచ్చు తీసి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ దొరికాయి. రేషన్‌కో పెన్షన్‌కో వేలిముద్ర వేయాల్సినప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు.

ఇక చివరిది, బ్రాంచి మేనేజరును మీరు ఒకసారి కలవండి. "మా నాన్నగారు పెద్ద మొత్తం తీయడానికొస్తే, ఆయన ఏం చెప్పినా, ఒక్కసారి నాకు ఫోన్ చేయండి" అని నంబరు ఇవ్వండి. బ్యాంకుకు అది చట్టబద్ధమైన బాధ్యత కాకపోవచ్చు, కానీ కౌంటర్లో ఉన్న మనిషికి గుర్తుంటుంది. హైదరాబాద్‌లో 2024లో ఎఫ్‌డీలు క్లోజ్ చేయడానికి వచ్చిన పెద్దాయనను బ్యాంకు సిబ్బంది పట్టుబట్టి ప్రశ్నలు వేసి, డబ్బు పోకుండా ఆపారు. బ్యాంకువాళ్లు అన్నేసి ప్రశ్నలు వేస్తుంటే దయచేసి విసుక్కోకండి.

అసలు కొరియర్ వచ్చినప్పుడు

మనం నిజంగానే ఏదో ఆర్డర్ చేసి ఎదురుచూస్తుంటాం, అదే వాళ్లకు అదను. "మీ అడ్రసు సరిగా లేదు, 24 గంటల్లో సరిచేయండి" అని తపాలా శాఖ పేరుతో లింకు వస్తుంది. నొక్కితే ఐదో పదో రూపాయలు కార్డుతో కట్టమంటుంది. వాళ్లకు కావలసింది ఆ ఐదు రూపాయలు కాదు, కార్డు వివరాలు. తపాలా శాఖ ఇలాంటి లింకులు పంపదని ప్రభుత్వమే చెప్పింది. స్పీడ్ పోస్టు వివరం కావాలంటే రసీదు మీది 13 అక్షరాల నంబరును ఇండియా పోస్టు వెబ్‌సైట్‌లో మీరే టైపు చేసి చూసుకోండి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ సంగతైనా అంతే, యాప్ మీరే తెరిచి చూడండి, వచ్చిన లింకు నుంచి వెళ్లొద్దు.

ఇంకో పద్ధతి. "మేడం, డెలివరీ బాయ్‌ని. మీ ఇల్లు దొరకట్లేదు. ఈ నంబరు డయల్ చేయండి, మా ఆఫీసు కలుస్తుంది" అని *401* తోనో *21* తోనో మొదలయ్యే నంబరు చెబుతాడు. అది కొట్టారంటే మీకొచ్చే కాల్స్ అతని ఫోన్‌కు మళ్లుతాయి. ఫోన్ కాల్‌లో వచ్చే ఓటీపీలు అటే పోతాయి, మీ వాట్సాప్ అతని చేతికి వెళ్తుంది. నక్షత్రం గుర్తుతో మొదలయ్యేది ఎవరు చెప్పినా డయల్ చేయకూడదు. పైన ##002# కొట్టమన్నది అందుకే.

మీరు ఆర్డర్ చేయని క్యాష్ ఆన్ డెలివరీ ప్యాకెట్ వస్తే తీసుకోకండి. "సరే, క్యాన్సిల్ చేస్తాను, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పకండి, క్యాన్సిల్ చేసుకోవడం అతని పని. పిల్లలు ఊరి నుంచి ఏదైనా ఆర్డర్ పెడితే ముందే ఇంటికి ఫోన్ చేసి, ఫలానాది ఫలానా రోజు వస్తుంది, డబ్బు కట్టేశాను అని చెప్పే అలవాటు చేసుకోవాలి. మా ఇంట్లో నియమం: ఎవరూ ముందు చెప్పకపోతే ఆ ప్యాకెట్ మాది కాదు.

డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు, పంపడానికే అవసరం. ఈ ఒక్క వాక్యం కూడా అట్టముక్క మీద రాయండి.

అమ్మ ఇప్పుడు వాళ్ల లైన్లో ఉంటే

గుర్తులు: తలుపు వేసుకుని గదిలో ఉండటం, ఫోన్ మీకు ఎంతసేపూ బిజీగా రావడం, మాట్లాడినా పొడిపొడిగా "బాగానే ఉన్నాను, తర్వాత చేస్తాను" అనడం, తినకపోవడం, ఎఫ్‌డీ కాగితాలు వెతకడం.

మీరు ఇంట్లోనే ఉంటే లోపలికి వెళ్లి ఫోన్ తీసుకుని స్విచాఫ్ చేయండి. అవతలివాడితో వాదించకండి, తిట్టకండి, వాడిని పట్టించాలని చూడకండి. ఆ మనిషి ముందు కూర్చోండి. చేయి పట్టుకోండి. ఆ క్షణంలో ఆమె ఇంకా అది నిజం పోలీసులే అనుకుంటూ ఉంటుంది, ఫోన్ ఆపేసినందుకు మిమ్మల్ని కూడా అరెస్ట్ చేస్తారని వణుకుతుంటుంది. "ఇది మోసం" అని మీరొక్కరే పదిసార్లు చెప్పేకంటే, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి, అక్కడి ఎస్సైతో చెప్పించండి. యూనిఫాంలో ఉన్న నిజం మనిషి చెబితే ఆ భయం వదులుతుంది.

మీరు దూరంగా ఉంటే వెంటనే అట్టముక్క మీది మూడో మనిషికి, ఆ పక్కింటివాళ్లకు ఫోన్ చేసి తలుపు కొట్టమనండి. ఎవరూ దొరక్కపోతే ఇక్కడున్న బంధువుల చేత 112కు ఫోన్ చేయించండి. విదేశం నుంచి 112 కొడితే మీరున్న దేశపు అత్యవసర నంబరుకే పోతుంది, అది గుర్తుంచుకోండి.

డబ్బు వెళ్లిపోయిందా, మొదటి గంట ముఖ్యం

ఎవరిది తప్పు అన్న మాట పక్కన పెట్టి 1930కు ఫోన్ చేయండి. పోయిన డబ్బు ఒక ఖాతాలో ఆగదు. గంటల్లోనే, దొంగలు అద్దెకు తీసుకున్న ఇతరుల ఖాతాల్లోకి పదుల సంఖ్యలో విడిపోయి, నగదుగా బయటికి పోతుంది. 1930కు చెబితే ఆ వివరం సంబంధిత బ్యాంకులకు చేరి, డబ్బు ఎక్కడుంటే అక్కడ ఆపే ప్రయత్నం మొదలవుతుంది. చేతిలో ఉంచుకోవాల్సినవి: డబ్బు ఏ ఖాతా నుంచి పోయింది, ఎంత, ఏ సమయానికి, యూటీఆర్ లేదా లావాదేవీ నంబరు, వెళ్లిన ఖాతా వివరం. లైన్ దొరక్కపోతే ఆగకుండా చేస్తూనే ఉండండి, ఇంకొకరు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నింపండి. మూడో మనిషి మీ బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా నుంచి ఇంకేం పోకుండా ఆపించాలి.

మెసేజీలు, కాల్ వివరాలు, వాళ్లు పంపిన దొంగ కాగితాలు ఏవీ డిలీట్ చేయకండి. పెద్దవాళ్లు సిగ్గుతో అన్నీ తుడిచేస్తారు, ముందే ఆపండి. పోలీస్ స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి, ఏ స్టేషన్‌లోనైనా రాయాలి.

మీ ప్రమేయం లేకుండా, మీరు వివరాలు ఎవరికీ ఇవ్వకుండా బయటివాళ్ల పనితో డబ్బు పోతే, 2017 జులైలో ఆర్‌బీఐ పెట్టిన నియమం ప్రకారం మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీ మీద భారం పడదు. భయపెట్టి మన చేతే పంపించుకున్న డబ్బుకు ఆ రక్షణ అంత సులభంగా దొరకదు, అందుకే 1930 వేగం అంత ముఖ్యం. ఆపగలిగిన డబ్బు ఎక్కువగా కోర్టు ఉత్తర్వుతో తిరిగి వస్తుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి అలా వెనక్కి ఇప్పించారు. నెలలు పడుతుంది, ఫిర్యాదు నంబరు పట్టుకుని తిరగాలి, తిరగండి.

ఆ తిరిగే రోజుల్లోనే రెండో దెబ్బ వస్తుంది. "మీ డబ్బు దొరికింది, విడిపించడానికి ఫీజు కట్టండి" అని లాయరునంటూ, సైబర్ సెల్ నుంచంటూ ఫోన్లొస్తాయి. ఫిర్యాదు మీద డబ్బు ఇప్పించడానికి పోలీసులూ కోర్టులూ ఫోన్‌లో ఫీజు అడగవు.

ఆ రాత్రి, ఆ తర్వాత

డబ్బు పోయిన ఇంట్లో మనిషి పోయినంత పని అవుతుంది. జీవితమంతా లెక్క తప్పని మనిషికి, నలుగురికీ సలహా చెప్పిన మనిషికి తలెత్తుకోలేనట్టు ఉంటుంది. ఆ కొన్ని రోజులు ఒంటరిగా వదలకండి. బంధువుల్లో ఎవరికి చెప్పాలో ఎవరికి వద్దో వాళ్లనే అడగండి. నిద్ర పట్టకపోయినా, మాటలు తగ్గినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, మాట్లాడటానికి మనిషి కావలసినప్పుడు అదీ పనికొస్తుంది. "ఇంత చదువుకుని ఎలా నమ్మావమ్మా" అనే ప్రశ్న అడక్కండి. ఆమె దాన్ని అప్పటికే తనకు తాను వందసార్లు వేసుకుని ఉంటుంది.

హెడ్మిస్ట్రెస్‌గారి మాట నేను పూర్తిగా నిలబెట్టలేదు. ఆవిడను ఒప్పించి, ఆవిడ ముందే, మా ఫోన్ నుంచి వాళ్లబ్బాయికి చేశాను. విషయం అంతా విని కాసేపు మాట్లాడలేదతను. తర్వాత, "అమ్మకివ్వండి" అన్నాడు. ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "తినలేదు నాన్నా... నిన్నటి నుంచి" అన్నారు. అతను ఏమడిగాడో అలా అర్థమైంది మాకు.

ఆ దీపావళికి స్వీట్ల డబ్బా పట్టుకుని బ్రాంచికి వచ్చారు. వారం కిందట మళ్లీ ఫోన్ వచ్చిందట, ఈసారి ట్రాయ్ పేరుతో. "మా అబ్బాయి వచ్చాక మాట్లాడతానండీ" అని పెట్టేసి, ఉదయం ఐదున్నరకు నిద్రలో ఉన్న కొడుకును లేపేశారట.